గొంతు మారని పడవ

మళ్లీ తాడు లాగాడు. ఇంజను పలకలేదు. కోదండం నడుము పట్టుకుని పడవ అంచు మీద కూలబడ్డాడు. గట్టు మీద కాపలా ఉన్న కానిస్టేబులు నవ్వు కనపడకుండా మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ రఘునాథ్‌కు అంత మొహమాటం లేదు.

"వద్దు పెద్దాయనా. నువ్వు గుండె పట్టుకుని పడితే ఆ కేసు కూడా నేనే రాసుకోవాల," అన్నాడు.

కోదండం తాడు చుట్టి పక్కన పెట్టాడు. ఆయన చాలావాటికి జవాబు చెప్పడు. తిరుపతి క్రైం స్టేషన్లో హెడ్ కానిస్టేబులుగా నెత్తి నెరిసేదాకా పని చేసి, రిటైరయ్యాక అలిపిరి రోడ్డులో ఒక గది తీసుకుని డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాడు. రఘునాథ్ కొత్తగా ఎస్సైగా చేరినప్పుడు పంచనామా ఎట్లా రాయాలో చేయి పట్టి నేర్పించింది ఈయనే. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. అందుకే ఇద్దరికీ పడదు.

పులికాట్ సరస్సు ఒడ్డున, చేపలు పట్టే పల్లెకారులుండే ఇసకకుప్పంలో పది మందికి పడవలున్నాయి. అందులో ఒకటి మోహనది. శుక్రవారం సాయంత్రం మోహన పడవ తీసుకుని నీళ్ల మీదికి పోయాడు. శనివారం తెల్లారేసరికి పడవ గట్టున గుంజకు కట్టేసి ఉంది. మోహన లేడు. ఆ పొద్దున మోహన బామ్మర్ది గిరి ఈ పడవ ఎక్కి, చేతులు చిట్లి రక్తం కారేదాకా తాడు లాగాడు. ఇంజను పలకలేదు. అంతలో పోలీసులు వచ్చి పడవను పట్టుకున్నారు, గిరిని పట్టుకున్నారు. రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి అడిగి, నిన్న సాయంత్రం అరెస్టు చూపించారు. ఈ సాయంత్రం కోర్టులో పెట్టి జైలుకు పంపుతారు. శవం దొరకలేదు గానీ, నీళ్లు అన్నాక ఎప్పుడో ఒకప్పుడు తేలుస్తాయని రఘునాథ్ ధీమా.

అతని లెక్క తేలిగ్గా ఉంది. గురువారం నాడు బావా బామ్మర్దులు కుప్పం మొత్తం చూస్తుండగా కొట్లాడుకున్నారు. వల యాడ వేస్తాండావో చెప్పమని గిరి అడిగాడు. మోహన చెప్పనన్నాడు. అట్లయితే ఆ నీళ్లలోనే పో అన్నాడు గిరి. మర్నాడు మోహన ఆ నీళ్లలోనే పోయాడు. చీకటి పడేవేళ గిరి ఒక్కడే పడవ తెచ్చి కట్టడం కళ్లారా చూసిన సాక్షి ఉన్నాడు. పొద్దున్నే అదే పడవలో పారిపోబోయాడు. దేవుడు ఇంజను రూపంలో అడ్డం పడ్డాడు.

"ఇంక నీకేం కావాల?" అన్నాడు రఘునాథ్.

"ఈ ఇంజనుకేం రోగమో తెలియాల," అన్నాడు కోదండం.

"అది మెకానిక్కు చూసుకుంటాడు. మనకెందుకు?"

కోదండం వంగి పడవంతా చూశాడు. శనివారం పొద్దున పోలీసులు పట్టుకున్నప్పటి నుంచి ఎవరూ ముట్టలేదని కానిస్టేబులు చెప్పాడు. అది నిజమేనని తోచింది. ఇంజను మీది మూత తీసి పక్కన పెట్టి ఉంది. ప్లగ్గు విప్పి, గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించిన గుర్తులున్నాయి. కిరసనాయిలు ట్యాంకు మూత మీద గాలి ఆడేందుకు ఉండే గాలిమర తిప్పి ఉంది. పైపు ఊడదీసి మళ్లీ తగిలించారు. కార్బొరేటరు అడుగున, లోపలి నూనె దించే చిన్న మర మీద మాత్రం ఉప్పు పేరుకుని, గవ్వ అతికినట్లు తెల్లగా ఉంది. దాని మీద గోరు గీత కూడా లేదు.

అడుగు పలక ఎత్తితే వేలెడు చెక్క పేడు ఒకటి దొరికింది. ఎర్రగా ఉంది. కోదండం దాన్ని తడి చేసి అరచేతి మీద గీశాడు. చెయ్యి నెత్తురు పూసినట్లయింది. శేషాచలం కొండల కింద ఉద్యోగం చేసినవాడికి ఆ రంగు పేరు ఒకరు చెప్పక్కరలేదు. ఎర్రచందనం.

"పడవలో చెక్క దొరికిందని నన్ను ఆశ్చర్యపడమంటావా?" అన్నాడు రఘునాథ్.

"ఇది ఫైబరు పడవ, సార్."

రఘునాథ్ పడవ అంచును వేలితో తట్టి చూశాడు. తర్వాత, ఈ నీళ్ల మీద ఎవరెవరి సరుకో పోతుంటుందనీ, దాన్నీ దీన్నీ ముడిపెట్టొద్దనీ చెప్పి టీ అంగడి వైపు నడిచాడు. కోదండం పేడును జేబు రుమాల్లో చుట్టుకుని మోహన ఇంటికి పోయాడు.

మోహన భార్య సుబ్బులమ్మ వెనకవైపు వసారాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నీళ్లు కనపడే వైపు కూర్చోలేకపోతోందని పక్కింటామె చెప్పింది. సుబ్బులమ్మే మనిషిని పంపి తిరుపతి నుంచి కోదండాన్ని పిలిపించింది. ఒకపక్క మొగుడు లేడు. ఇంకోపక్క తమ్ముడే చంపాడంటున్నారు. ఎవరి కోసం ఏడవాలో తెలియక ఏడుపు మానేసిన మొహం ఆమెది.

కోదండం అడిగింది తక్కువ. ఆమె చెప్పింది కూడా తక్కువే. మోహన కొన్నాళ్లుగా మాట తగ్గించాడు. ఒక రోజు వలకు ఏదో పెద్ద బరువు తగిలిందని, అది చేప కాదని అన్నాడు. ఏందని అడిగితే, తెలిస్తే నీకే కష్టమన్నాడు. ఆ తర్వాతే వల వేసే చోటు గిరికి కూడా చెప్పడం మానేశాడు. శుక్రవారం సాయంత్రం ఎవరితో పోతున్నదీ చెప్పకుండా పోయాడు. ఆయాసం మనిషి, పఫ్ పీల్చే డబ్బా ఇంట్లోనే మరిచిపోయి పోయాడు. పొద్దునకల్లా వస్తాడులే అనుకుంది.

"ఆ డబ్బా ఉండాదా అమ్మా?" అన్నాడు కోదండం.

"లేదన్నా. శనివారం మధ్యాన్నం చేపలు కొనే సుకుమారు వచ్చి తీసకపోయినాడు. ఇన్‌స్పెక్టరు అడిగినాడంట, కేసులో పెట్టాలని."

కోదండం తల ఊపాడు. పోలీసులు ఏది అడుగుతారో ఏది అడగరో చెప్పలేం. ఆ మాట అక్కడికి వదిలేశాడు.

"శుక్రవారం చీకటి పడేటప్పుడు పడవ చప్పుడు ఇన్నావా?"

"ఇన్నా. ఒక పడవ వచ్చింది. గట్టు దాకా వచ్చి ఆగిపోయింది. మాది కాదనుకున్నా."

"ఎట్లా తెలిసింది మీది కాదని?"

ఆమె ఇదేం ప్రశ్న అన్నట్లు చూసింది. "గొంతు మారలేదు గదన్నా."

ఆయనకు అర్థం కాలేదని తెలిసి నిదానంగా చెప్పింది. గట్టుకు కొంచెం ఎడంగా నీళ్లలో ఒక వాలిన గెడ ఉంది. లోతు కాలువ అక్కడితో అయిపోతుందని పాతిన గుర్తు. వాలుగెడ అంటారు. తిరిగొచ్చే పడవ ఏదైనా ఆ గెడ దగ్గర కిరసనాయిలు ఆపి పెట్రోలుకు తిప్పుకుంటుంది. గరగరమనే గొంతు సన్నబడుతుంది. ఆ మార్పు విని కుప్పంలో ఆడవాళ్లు గంపలెత్తుకుని గట్టుకు బయలుదేరుతారు. వస్తున్నానని కేక వేసి చెప్పే పని ఏ మొగుడికీ లేదు.

"ఆ పొద్దు గొంతు మారలేదు. గరగరమంటానే వచ్చి టక్కుమని ఆగింది. తమిళం పక్క నుంచి సరుకు కొనేదానికి ఎవురో వచ్చినారనుకున్నా. పొయ్యి కాడ నుంచి లేవను కూడా లేవలేదు," అంది. కాసేపాగి, "లేచుంటే ఏమైనా అయ్యుండునా అన్నా?" అని అడిగింది.

కోదండం నీళ్ల చెంబు ఆమె దగ్గరికి జరిపాడు. లేచి బయటికి వచ్చాడు. వాకిట్లో నిలబడి ఉండగా మాత్రం ఒక వాసన ముక్కుకు తగిలినట్లయింది. ఇక్కడిది కాదు, చిన్నప్పటిది. వడమాలపేటలో నాయన చెరుకు తోటకు నీళ్లు కట్టే పంపుసెట్టు. అదీ ఇట్లాంటిదే. పెట్రోలు మీద లేచి కిరసనాయిలు మీద నడిచేది. ఒకరోజు తను ఆడుకుంటూ పోయి పెట్రోలుకు తిప్పకుండా ఇంజను ఆపేశాడు. మర్నాడు నాయన చెయ్యి పడిపోయేదాకా తిప్పినా అది లేవలేదు. నాయన కొట్టిన దెబ్బ యాభై ఏళ్ల తర్వాత ఇప్పుడు మళ్లీ తగిలింది.

గట్టుకు పోతూ దారిలో పోలీసు జీపు దగ్గర ఆగాడు. వెనక సీట్లో గిరి కూర్చుని ఉన్నాడు. బేడీల కింద రెండు అరచేతులకూ గుడ్డ పీలికలు చుట్టి ఉన్నాయి. చంపావా లేదా అని కోదండం అడగలేదు. శనివారం పొద్దున ఇంజనులో ఏమేం చూశావని మాత్రం అడిగాడు. గిరికి అది వెటకారంలా తోచింది కాబోలు, మొదట గుడ్డలు చుట్టిన చేతులు పైకెత్తి చూపించాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. బావ పడవ కట్టేసి ఇంకెవరి పడవలోనో మళ్లీ పోయుంటాడని, వెతకడానికి ఎక్కాడు. ట్యాంకు గాలిమర చూశాడు. పైపులో నూనె వస్తోందో లేదో చూశాడు. పెట్రోలు తిప్పాడు. ప్లగ్గు విప్పి తుడిచి, నిప్పు వస్తోందని చూసి, మళ్లీ బిగించాడు. లాగాడు. మళ్లీ విప్పాడు. మళ్లీ లాగాడు.

"కార్బొరేటరు అడుగు మర విప్పలేదా?"

"దాన్నెందుకు విప్పుతా? బావ ఆపిన ఇంజను గదా."

ఆ మాట అని గిరి తల దించుకున్నాడు. కోదండం జీపు దగ్గర్నుంచి కదిలాడు. ఆయనకు కావలసింది దొరికింది.

పడవ దగ్గరికి వచ్చి, టీ అంగడిలో స్టీలు గ్లాసు ఒకటి అడిగి తెప్పించాడు. రఘునాథ్ కూడా వచ్చాడు. అతని పక్కన తెల్లచొక్కా వేసుకున్న నలభై ఏళ్ల మనిషి ఉన్నాడు. అతనే సుకుమార్, పోలీసుల సాక్షి. రొయ్యలు, చేపలు కొని చెన్నై పక్కకు పంపే ఏజెంటు. రెండేళ్ల కిందట ఈ కుప్పానికి వచ్చాడు. మోహన కనపడలేదని స్టేషన్‌కు ఫోన్ చేసింది, పోలీసులకు భోజనాలు చూసింది, సుబ్బులమ్మకు ధైర్యం చెప్పింది అతనే. కోదండానికి వంగి నమస్కారం పెట్టాడు. అంతలో ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ టీ అంగడి వైపు పోయాడు.

కోదండం కార్బొరేటరు అడుగు మర తిప్పాడు. ఉప్పు పెళ్లలు రాలాయి. చెంచాడు ద్రవం గ్లాసులోకి జారింది. వాసన చూసి రఘునాథ్ ముక్కు దగ్గర పెట్టాడు.

"కిరసనాయిలు," అన్నాడు రఘునాథ్. "కిరసనాయిలు ఇంజనులో కిరసనాయిలు కాకుండా గంగాజలం ఉంటాదా?"

కోదండం ఆ చోటును పెట్రోలుతో కడిగి, ప్లగ్గు తుడిచి, మర బిగించి, మీట పెట్రోలు వైపు తిప్పాడు. ఆగి ఊపిరి పీల్చుకుని తాడు లాగాడు. రెండో లాగుకు ఇంజను దగ్గింది. మూడో లాగుకు అందుకుంది. కానిస్టేబులు మొహంలో నవ్వు పోయింది. కోదండం ఇంజను ఆపి, చేతులు తుడుచుకుని, తన మాట చెప్పాడు. చల్లారిన ఇంజను పెట్రోలుకు తప్ప లేవదు. అందుకని ఆపే ముందు పెట్రోలుకు తిప్పి ఆపుతారు. అప్పుడు లోపల పెట్రోలు మిగులుతుంది, మర్నాడు మొదటి లాగుకే లేస్తుంది. శుక్రవారం ఈ పడవ తెచ్చినవాడు తిప్పకుండా ఆపాడు. మోహన అట్లా ఆపడు. గిరి కూడా ఆపడు. ఈ కుప్పంలో పుట్టిన ఎవడూ ఆపడు.

రఘునాథ్ శ్రద్ధగానే విన్నాడు. మూర్ఖుడు కాడు అతను.

"మనిషిని నీళ్లలో ముంచి వచ్చినోడికి చేతులు వణుకుతుంటాయి పెద్దాయనా. వాడు మీటలు గుర్తుపెట్టుకుంటాడా? ఖూనీ చేసినోడు చెప్పులు మరిచిపోతాడు, కత్తి మరిచిపోతాడు. నువ్వే చెప్పినావు నాకు, అప్పట్లో."

"చెప్పినా. మరిచిపోతాడు సార్. సాయంత్రం మరిచిపోతాడు. పొద్దునకు గుర్తు రాదా?"

రఘునాథ్ ఇంజను వైపు చూశాడు.

"తాడు లాగినాడు, లేవలేదు. గిరి ఈ ఇంజను మీద పెరిగినోడు. తానే తిప్పకుండా ఆపింటే, ఇది లేవకపోయేతలికి మొట్టమొదట చెయ్యి యాడికి పోవాల? ఈ మర మీదికి. ఒక్క నిమిషం పని. వాడు ప్లగ్గు విప్పినాడు, పైపు విప్పినాడు, మూత విప్పినాడు, చేతులు కోసుకున్నాడు. ఈ మర మాత్రం ముట్టలేదు. దాని మీద ఉప్పు నువ్వే చూసినావు గదా. బావ ఆపిన ఇంజను అనుకున్నాడు. లోపల పెట్రోలే ఉంటాదని నమ్మినాడు. ఆపింది తానైతే అట్లా నమ్మడు."

గట్టు మీద చేరిన నలుగురైదుగురు పల్లెకారులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక ముసలాయన, నిజమేనన్నట్లు, నేల మీద ఉమ్మేసి తల ఊపాడు. రఘునాథ్ జేబులోంచి కర్చీఫు తీసి మెడ తుడుచుకున్నాడు.

"జడ్జి గారికి కార్బొరేటరు పాఠం నువ్వు చెబుతావా, నేను చెప్పాల్నా?" అన్నాడు. గొంతులో పాత ధీమా లేదు గానీ మాట మాత్రం వదల్లేదు. "నా సాక్షి కళ్లతో చూసినాడు. ఇంజను మాట కంటే మనిషి మాట పెద్దది."

"అదీ చూద్దాం. టీ అంగడి కాడ నుంచి, పడవ కట్టేవాని మొహం తెలిసిందన్నాడు గదా. తెలుస్తాదో లేదో మనమూ నిలబడి చూద్దాం. ఎవురైనా వాలుగెడ దాకా పోయి పడవ తెచ్చి కడితే చాలు."

"ఆ పొద్దు మసక. ఇప్పుడు మిట్టమధ్యాన్నం."

"మసకలో తెలిసిన మొహం మధ్యాన్నం ఇంకా బాగా తెలియాల గదా, సార్."

రఘునాథ్ ఒప్పుకోక తప్పలేదు. పల్లెకారుల వైపు తిరిగి ఒకణ్ణి ఎక్కమన్నాడు. ఎవరూ కదల్లేదు. యజమాని తిరిగిరాని పడవను, ఆ ఇంటి ఆడమనిషి ముట్టి ఇచ్చేదాకా ఎవరూ ఎక్కరని ముసలాయన చెప్పాడు. పోలీసు అడిగినా అంతే, కలెక్టరు అడిగినా అంతే. సుబ్బులమ్మను ఆ మాట అడగడానికి ఎవరికీ నోరు రాలేదు.

"నేను తోలతాలే సార్," అన్నాడు అప్పుడే అంగడి నుంచి తిరిగొచ్చిన సుకుమార్, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ. "నాకీ పట్టింపులు లేవు. చెన్నై పక్క ఎన్ని పడవలు తోలినాను."

కోదండం అతని మొహం చూశాడు. సాయం చేసే మనిషి మొహమే. మంచిదప్పా అన్నాడు. వేడి తగ్గని ఇంజను ఒక్క లాగుకు లేచింది. కొంచెం దూరం పోయాక సుకుమార్ మీట కిరసనాయిలుకు తిప్పాడు. పెట్రోలు మీద తోలితే ఆ చిన్న పెట్రోలు ట్యాంకు ఎంతసేపు వస్తుంది. ఆ మాత్రం అతనికి తెలుసు. గొంతు లావెక్కి గరగరలాడింది. పడవ వాలుగెడ దాటి కాలువలోకి పోయి, మలుపు తిరిగి, గట్టు వైపు మళ్లింది.

కోదండం టీ అంగడి దగ్గర నిలబడలేదు. మొహం చూడాలన్న మాట ఎప్పుడో వదిలేసి నీళ్ల అంచుకు పోయి చెవి ఒగ్గాడు. పడవ వాలుగెడకు వచ్చింది. గట్టు మీద పల్లెకారులంతా మాటలాపి అటే చూస్తున్నారు. వాళ్లకు తెలియకుండానే వాళ్లు ఆ మార్పు కోసం ఎదురుచూస్తున్నారు.

గొంతు మారలేదు.

పడవ గెడ దాటి, అదే గరగరతో గట్టు మీదికి వచ్చి, మోకాటి లోతు నీళ్లలో టక్కుమని ఆగిపోయింది.

నిశ్శబ్దంలో ఇంటి తలుపు దబ్బుమన్న చప్పుడు వినిపించింది. సుబ్బులమ్మ వెనక వసారా నుంచి ఇల్లు దాటుకుని పరిగెత్తుకొస్తోంది. ఇక్కడ ఏం జరుగుతోందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. జుట్టు ఊడిపోయి ఉంది. మనుషుల్ని తోసుకుని నీళ్ల దాకా వచ్చి నిలబడింది.

"ఇదే. ఆ పొద్దు వచ్చింది ఈ పడవే," అంది. ఊపిరి అందడం లేదు. "ఇట్లే వచ్చింది, ఇట్లే ఆగింది. ఎవురు తోలింది?"

ఎవరూ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. పడవలో ఒక్కడే ఉన్నాడు.

"సుకుమారూ, మీట యాడుండాదో ఒకసారి చూడప్పా," అన్నాడు కోదండం.

సుకుమార్ కిందికి చూశాడు. పల్లెకారుల మొహాలు చూశాడు. అతని మొహంలో సాయం చేసే మనిషి ఎటు పోయాడో పోయాడు. అందరూ ఇంకా అర్థం చేసుకుంటూ ఉండగానే అతని చెయ్యి తాడు మీదికి పోయింది. ఒక్క లాగు. వేడి మీదున్న ఇంజను కిరసనాయిలుకైనా పలుకుతుంది. శుక్రవారం అతణ్ణి ఒక్కణ్ణే గట్టుకు చేర్చింది కూడా అట్లాగే. పడవ వెనక్కి మెలి తిరిగి నీళ్లు చిమ్ముతూ కాలువ పట్టింది. బూట్లతో నీళ్లలోకి దూకిన కానిస్టేబులు నడుము లోతులో నిలబడిపోయాడు.

అనుమానం ఉన్నవాడి చేతికి పడవ ఇచ్చి గట్టు మీద నిలబడ్డానని కోదండానికి అప్పుడు తట్టింది. నలభై ఏళ్ల పోలీసు బుద్ధి ఒక ఇంజను చప్పుడు వెంట పడి గడ్డి తినింది.

రఘునాథ్ అప్పటికే ఫోన్ తీశాడు. తమిళనాడు పక్క స్టేషన్లకు చెప్పమని, దక్షిణం గట్లన్నీ కాయమని గబగబా చెబుతున్నాడు. కోదండం పడవనే చూస్తున్నాడు. పారిపోయేవాడు దక్షిణం తిరగాలి. ఈ పడవ తిరగలేదు. సూటిగా తూర్పుకు పోతోంది.

"ఆ పక్క ఏముండాది?" అని ముసలాయన్ను అడిగాడు.

"ఏమీ లేదప్పా. పిట్టల దిబ్బ. పాత రేకుల షెడ్డు ఒకటి ఉంటాది. మనిషి పోడు."

కోదండం వెనక్కి తిరిగాడు. "సార్, మోహన పఫ్ డబ్బా మీ దగ్గరుండాదా?"

"ఏం డబ్బా?" అన్నాడు రఘునాథ్, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని.

"ఆయాసానికి పీల్చేది. శనివారం నువ్వు అడిగినావని సుకుమార్ ఇంటికి పోయి తెచ్చినాడు."

"నేనేమీ అడగలేదే."

ఫోన్ చెవి దగ్గర్నుంచి కిందికి దిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పంచనామా నేర్చుకున్న రోజుల తర్వాత వాళ్లిద్దరికీ ఒకేసారి ఒకే మాట తట్టడం ఇదే మొదలు. చచ్చినవాడికి పఫ్ అక్కరలేదు.

సుబ్బులమ్మకు కూడా తట్టింది. "బతికుండాడా?" అంది. ఎవరినీ అడగలేదు, నీళ్లను అడిగినట్లు అంది.

"ఇంతసేపూ బతికుండాడమ్మా," అన్నాడు కోదండం. ఆ మాటకు మిగతా సగం ఆయన పైకి చెప్పలేదు. మోహన వలకు తగిలిన బరువు, సుకుమార్ దాటిస్తూ నీళ్లలో పోగొట్టుకున్న ఎర్రచందనం. అది ఎక్కడ మునిగి ఉందో మోహన ఒక్కడికే తెలుసు. వాడి నోటి నుంచి ఆ చోటు రాబట్టేదాకా వాణ్ణి బతికించి ఉంచాలి. అందుకే పఫ్. కానీ ఇప్పుడు సుకుమార్ బయటపడిపోయాడు. ఇంక అతనికి సరుకు చోటు అక్కరలేదు. తన మొహం చూసిన మోహన బతికి ఉండటం అసలే అక్కరలేదు.

రఘునాథ్ జీపు దగ్గరికి పరిగెత్తాడు. బేడీల తాళం తనే తీశాడు. క్షమాపణ అడగలేదు. దిబ్బకు దారి నీకు తెలుసా అని మాత్రం అడిగాడు. గిరి ఎదురుగా ఉన్న పడవలోకి దూకాడు. అది ముసలాయనది. ముసలాయన తానే తాడు విప్పి నీళ్లలోకి నెట్టాడు. గుడ్డ పీలికలు చుట్టిన చేతులతో గిరి తాడు పట్టుకుని లాగాడు.

ఒక్క లాగుకే ఇంజను లేచింది. పక్క పడవలో ఇంకొకడు లాగాడు. అదీ ఒక్క లాగుకే. ఆ పక్కది కూడా. ఆ కుప్పంలో మిగిలిన ప్రతి ఇంజనూ పెట్రోలు మీదే ఆగి ఉంది.

ఈత రాని కోదండం ప్యాంటు తడుపుకుంటూ పడవ అంచు పట్టుకుని ఎక్కాడు. రఘునాథ్ చెయ్యి ఇచ్చి లోపలికి లాగాడు. సుబ్బులమ్మ కూడా నీళ్లలోకి దిగబోతే ఆడవాళ్లు పట్టుకుని ఆపారు. గిరి కిరసనాయిలుకు తిప్పలేదు. ఉన్న పెట్రోలంతా కాలినా సరేనని ముందుకే తోలాడు. ముగ్గురి కళ్లూ తూర్పు వైపే. సుకుమార్ పడవ కనిపించడం మానేసింది, గరగర మాత్రం నీళ్ల మీదుగా సన్నగా వస్తోంది. అది వినపడుతున్నంతసేపూ వాడు ఇంకా దారిలోనే ఉన్నట్లు, ఆగితే దిబ్బ చేరినట్లు. కోదండం ఆ చప్పుడునే పట్టుకుని కూర్చున్నాడు.

వాళ్ల పడవ వాలుగెడ దగ్గరికి వచ్చింది. అప్పుడే తూర్పున ఆ చప్పుడు, గొంతు మారకుండానే, ఆగిపోయింది.